తామరకు డాక్టర్ చీటీ లేకుండా ట్యూబు అమ్మొద్దు: ఆదోని నుంచి ఒక టైలరమ్మ బహిరంగ లేఖ

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ప్రజారోగ్యం, మందుల తనిఖీ, పశువైద్యం, హాస్టళ్లు చూసే అధికారులందరికీ, ఊరూరా మెడికల్ షాపులు నడుపుతున్న అన్నలకూ నమస్కారం.

నేను ఆదోనిలో ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన జిన్నింగ్ మిల్లులో పనికి పోతాడు. మాకు ఇద్దరు పిల్లలు, ఒక పిల్లి. పిల్లి సంగతి కూడా ఈ లేఖలో వస్తుంది, దాన్ని వదిలేసి చెబితే సగమే చెప్పినట్టవుతుంది.

సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే చోట తామర గురించి మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మొదటిసారి తీసుకుని రసీదు ఇచ్చారు. రెండోసారి "ఇది మా శాఖ కిందికి రాదమ్మా" అన్నారు, ఏ శాఖ కిందికి వస్తుందో చెప్పమంటే చెప్పలేదు. మూడోసారి "తామరకు కూడా అర్జీనా" అని పక్క టేబులాయన నవ్వాడు. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో నన్ను ఎవరూ అడగలేదు, మా వీధిలో ఏమీ మారలేదు. అందుకే అందరికీ కనపడేలా రాస్తున్నాను. ఏ ఆఫీసు, ఏ షాపు, ఏ హాస్టల్ అని పేర్లు రాయను, ఎందుకంటే ఒకరిని పట్టుకుని నిలదీస్తే తీరే సంగతి కాదిది. ప్రతి ఊళ్లో ఇదే జరుగుతోంది.

మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెబుతాను.

ఏడాదిన్నర కిందట దసరా సెలవులకు మా అబ్బాయి హాస్టల్ నుంచి వచ్చాడు. అప్పుడు తొమ్మిదో తరగతి. కూర్చున్నచోట కూర్చోలేడు, రాత్రుళ్లు నిద్ర లేదు. ఏంట్రా అంటే ఏం లేదంటాడు. గజ్జల్లో, తొడల మీద తామర. ఆ వయసు పిల్లాడు అమ్మకు ఎలా చెబుతాడు, వాళ్ల నాన్నకు చెప్పడానికే వారం పట్టింది. సరిగ్గా అదే నెలలో మా పాప వీధి చివర వానలో తడుస్తున్న ఒక పిల్లికూనను ఎత్తుకొచ్చింది. దాని చెవి దగ్గర రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడిపోయి ఉన్నాయి, ఎక్కడో గీరుకుందేమో అనుకున్నాం. మూడు వారాలు తిరక్కముందే పాప బుగ్గ మీద గుండ్రంగా మచ్చ లేచింది. నా మోచేతి కింద రెండు. మా ఆయనకు లుంగీ కట్టుకునే చోట నడుము చుట్టూ.

మెడికల్ షాపుకు పోయాం. "తామరేనా? ఇదిగో" అని ఒక ట్యూబు ఇచ్చారు, 90 రూపాయలు. చీటీ అడగలేదు. ఎవరికి, ఎక్కడ పూస్తారని కూడా అడగలేదు. మూడో రోజుకే దురద ఆగింది, ఎరుపు పోయింది. దేవుడిలాంటి మందు అనుకుని నలుగురం పూసుకున్నాం, పాప ముఖానికి కూడా నా చేత్తోనే పూశాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆపిన పది రోజులకు మళ్లీ వచ్చింది, ఈసారి అరచేతి వెడల్పున. మళ్లీ ట్యూబు, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. ఏడు నెలల్లో 11 ట్యూబులు. మధ్యలో మా పక్క ఊళ్లో సూదులు వేసే ఆయన దగ్గర మా ఆయన ఒక ఇంజెక్షన్ కూడా వేయించుకున్నాడు, నెల రోజులు హాయిగా ఉండి తర్వాత ఒళ్లంతా పాకింది.

చివరికి అప్పు చేసి ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆవిడ బ్లేడు అంచుతో మచ్చ చివర్న పొలుసు కొంచెం గీకి, గాజు పలక మీద వేసి, ఒక చుక్క మందు వేసి మైక్రోస్కోపులో చూసింది. అరగంట కూడా పట్టలేదు. దాన్ని కేఓహెచ్ పరీక్ష అంటారు, ఆ చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్. తర్వాత మేం వాడిన ట్యూబు తీసుకుని దాని మీద ఉన్న మందుల పేర్లు ఒక్కొక్కటీ చదివి వినిపించింది. ఫంగస్‌కు, అంటే తామర తెచ్చే బూజుకు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి, వాటితో పాటు క్లోబెటాసోల్ అనే స్టెరాయిడ్. "ఫంగస్‌ను చంపే మందూ ఇందులోనే ఉంది, దానికి కాపలా కాసే మందూ ఇందులోనే ఉందమ్మా" అంది. మా అబ్బాయి తొడల మీద చారలు చూసి కాసేపు మాట్లాడలేదు. కాన్పయిన ఆడవాళ్ల పొట్ట మీద ఎలాంటి చారలు ఉంటాయో అలాంటివి, పదిహేనేళ్ల పిల్లాడికి. కాలం గడిస్తే రంగు తగ్గొచ్చు గానీ పూర్తిగా పోవని చెప్పింది.

ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. "ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉందా?"

ఆ రోజు నుంచి నేను తెలుసుకున్నది, డాక్టర్లను అడిగి రాసుకున్నది ఇక్కడ చెబుతాను. తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు, కానీ మా వీధిలో నూటికి తొంభై మందికి ఇది తెలియదు.

తామర పురుగు వల్ల రాదు, నెత్తురు చెడిపోయి రాదు, వంకాయ తింటే రాదు. అది ఒక రకం బూజు. వానాకాలం మూల పెట్టిన తోలు చెప్పుకు బూజు పట్టినట్టే మన చర్మం పైపొరకు, వెంట్రుకలకు, గోళ్లకు పడుతుంది. వాటిలో ఉండే కెరటిన్ అనే పదార్థమే దానికి తిండి. చెమట, తడి, బిగుతు బట్టలు దానికి అనుకూలం. ఇందులో చాలా రకాలున్నాయి. కొన్ని మనిషి నుంచి మనిషికి, ఒకే తువ్వాలు, ఒకే దుప్పటి, ఒకే దువ్వెన వాడితే అంటుకుంటాయి. మైక్రోస్పోరమ్ కేనిస్ అనేది పేరుకు కుక్కదే అయినా ఎక్కువగా పిల్లుల నుంచి వస్తుంది, అదీ పిల్లికూనల నుంచి. కొన్ని పిల్లుల ఒంటి మీద ఒక్క మచ్చ కూడా కనపడదు, అయినా వాటి బొచ్చులో ఉంటుంది. రాలిన వెంట్రుకల్లో, మంచం సందుల్లో ఏడాది పైన కూడా బతికి ఉండగలదు. దూడలకు కళ్ల చుట్టూ, మెడ మీద బూడిద రంగు పొలుసులు కట్టి వచ్చేది ఇంకో రకం, దాని పేరు ట్రైకోఫైటాన్ వెరుకోసమ్. పశువులను కడిగేవాళ్లకు, పాలు పిండేవాళ్లకు ముంజేతుల మీద అది అంటుకుంటుంది.

ఇప్పుడు మన దేశంలో వేధిస్తున్న రకం ఒకటి ఉంది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అని పేరు పెట్టారు, ఆ పేరులోనే మన దేశం ఉంది. తామరకు ఏళ్ల తరబడి పని చేసిన టెర్బినాఫిన్ అనే మాత్ర దీని మీద చాలాసార్లు పని చేయడం లేదు. 2023లో అమెరికాలోని న్యూయార్క్‌లో కూడా కనపడిందని అక్కడి ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇది మన దగ్గర ఇంతగా ముదరడానికి చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే, ఫంగస్ మీద మన ఒళ్లు చేసే పోరాటాన్ని ఆపేస్తుంది. దురద, ఎరుపు ఆ పోరాటం వల్ల వచ్చేవే కాబట్టి అవి తగ్గిపోతాయి, మనం నయమైందనుకుంటాం. లోపల ఫంగస్ మాత్రం నింపాదిగా పాకుతుంది. గుండ్రంగా ఉండాల్సిన మచ్చ అంచులు చెరిగిపోయి డాక్టర్‌కు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. క్లోబెటాసోల్ అయితే పూత స్టెరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన వర్గంలోది. గజ్జల్లో, ముఖం మీద చర్మం పలచన కాబట్టి మందు లోపలికి ఎక్కువగా ఇంకుతుంది. చర్మం పలచబడి చారలు పడతాయి, ముఖం మీద ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి. చిన్నపిల్లలకు ఎక్కువ చోట్ల ఎక్కువ రోజులు పూస్తే ఒంట్లో హార్మోన్లే దెబ్బతినొచ్చు.

చట్టం లేదా అంటే ఉంది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. ట్యూబు మీద ఆ హెచ్చరిక రాసే ఉంటుంది, నేను కుట్టుపని కళ్లద్దాలు పెట్టుకుని చదివాను, అంత చిన్న అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. మా వీధిలో ఎవరు చదవగలరు?

ఇక దీని వల్ల మాలాంటివాళ్లకు ఏమవుతుందో వరసగా రాస్తాను. "తామరే కదా" అనేవాళ్లు ఇది చదవాలి.

1. కూలి పోతుంది. నా చేతి మీద మచ్చలు చూసి కొలతలు ఇవ్వడానికి వచ్చిన వదినలు చేయి వెనక్కి తీసుకున్నారు. మాఘమాసం పెళ్లిళ్లకు ఏటా వచ్చే జాకెట్లలో సగం కూడా ఆ ఏడాది రాలేదు. ఎవరూ నోటితో ఏమీ అనలేదు, బట్ట మాత్రం ఇంకో మిషనుకు పోయింది. నలుగురికి మందులు, కర్నూలుకు రానుపోను చార్జీలు, డాక్టర్ ఫీజు, పిల్లి వైద్యం కలిపి మాకు 9 వేలు దాటింది. ఆ మొదటి రోజే పరీక్ష చేసి సరైన మందు ఇచ్చి ఉంటే ఇందులో నాలుగో వంతు కూడా అయ్యేది కాదు.

2. సుగ్గికి, అంటే కోతపనికి వలస, పోయేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మా పడమటి మండలాల నుంచి, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతకు పోయి ఉగాదికి తిరిగొస్తాయని మీకందరికీ తెలుసు. గుడారంలో పది మంది పక్కపక్కన పడుకుంటారు, దుప్పట్లు కలిసిపోతాయి, స్నానానికి నీళ్లు ఒకరోజు ఉంటే ఇంకోరోజు ఉండవు. గోక్కుని పుండైన చర్మం మీద మిరపకాయ ఘాటు తగిలితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక అక్క చెప్పింది, రాత్రుళ్లు నడుముకు తడిగుడ్డ చుట్టుకుని ఏడుస్తూ పడుకునేదట. తడిగుడ్డ వల్ల తామర ఇంకా పెరుగుతుందని ఆమెకు చెప్పేవాళ్లు లేరు. అక్కడ దగ్గర్లో దొరికింది కూడా అదే ట్యూబు. ఆ అక్క మొన్న ఉగాదికి ఊరికొచ్చింది, ఇంట్లో ఇప్పుడు ఐదుగురికి ఉంది.

3. పిల్లల చదువు. అమ్మానాన్నలు సుగ్గికి పోతే పిల్లలు సీజనల్ హాస్టళ్లలో ఉంటారు, మిగతా పిల్లలు మామూలు హాస్టళ్లలో. సబ్బు ఒకటే, తువ్వాలు ఒకటే, బకెట్ ఒకటే, ఆరని చెడ్డీలే మళ్లీ వేసుకుంటారు. ఒకరికి వస్తే గదికంతా వస్తుంది. మా అబ్బాయిని గదిలో మిగతావాళ్లు పేరు పెట్టి పిలిచేవారట, ఆ పేరు నేను రాయలేను. వాడు దసరా తర్వాత తిరిగి పోనన్నాడు, నలభై రోజులు బడి పోయింది. వైద్యం మొదలుపెట్టి మచ్చలు కప్పుకుంటే తామర ఉన్న పిల్లలు బడికి పోవచ్చు, ఇంటికి పంపేయాల్సిన పని లేదు. ఈ ముక్క ఎవరైనా హాస్టల్‌లో చెప్పి ఉంటే వాడి నలభై రోజులు మిగిలేవి.

4. గజ్జికీ తామరకూ తేడా చూసేవాళ్లు లేరు. గజ్జి చర్మంలో దూరే కంటికి కనపడని చిన్న పురుగు వల్ల వస్తుంది, రాత్రిపూట దురద ఎక్కువ, వేళ్ల సందుల్లో పొక్కులు వస్తాయి. దాని మందు వేరు, ఇంట్లో అందరూ ఒకేరోజు పూసుకోవాలి. షాపులో రెండింటికీ ఒకటే ట్యూబు. పిల్లల తలలో వచ్చే తామరకు పూత మందు ఒక్కటే పెడితే తగ్గదు, కడుపులోకి మందు కావాలి. దానికీ అదే ట్యూబు.

5. మూగజీవాలు. మచ్చలు చూసి భయపడి పిల్లికూనలను గోనెసంచిలో కట్టి కాలువ అవతల వదిలేస్తున్నారు. మా ఆయన కూడా ముందు అదే అన్నాడు, పాప రెండు రోజులు అన్నం తినలేదు. కుక్కలకు గజ్జి వస్తే పాత ఇంజిన్ ఆయిల్ పూస్తారు మన దగ్గర, అది నాక్కుని కుక్క లోపల్లోపల విషం ఎక్కి చస్తుంది, చర్మం కాలిపోతుంది. వీధిలో బొచ్చు ఊడిన కుక్క కనపడితే రాళ్లే. దాని ఒంటి మీద ఉన్నది ఏదో తెలుసుకుని మందు వేస్తే అది మనకూ మంచిదే.

6. మందులు పని చేయకుండా పోతున్నాయి. ఇది అన్నిటికన్నా పెద్ద నష్టం, కానీ కంటికి కనపడదు.

మా పిల్లిని పశువుల డాక్టర్‌కు చూపించడానికి మూడు చోట్ల తిరిగాం. ఒక చోట "మేం గేదెలు, గొర్రెలు చూస్తాం" అన్నారు. ఇంకోచోట చూసి మందు ఇచ్చారు గానీ, ఇంట్లో మనుషులకు ఉందని చెబితే అది మాకు సంబంధం లేదన్నారు. అంతకుముందు మనుషుల డాక్టర్లు ఎవరూ పిల్లి ఊసే ఎత్తలేదు. నాకు అర్థమైనంతవరకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే గడప లోపల అబ్బాయి ఉన్నాడు, పాప ఉంది, పిల్లి ఉంది, దుప్పటి ఉంది. ఒకరికి ఒక ఆఫీసు, ఇంకొకరికి ఇంకో ఆఫీసు, దుప్పటికి ఏ ఆఫీసూ లేదు. అందరినీ ఒకేసారి చూస్తే తప్ప తామర ఇల్లు వదలదు. అబ్బాయికి హాస్టల్‌లో వచ్చిందా, పాపకు పిల్లి నుంచి వచ్చిందా, లేక రెండూ వేరువేరా అన్నది తేల్చాలంటే కల్చర్ పరీక్ష, అంటే ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి ఏ రకమో చూసే పరీక్ష, చేయాలి, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, అది చేసే చోటు మాకు అందుబాటులో లేదు. చివరికి అందరికీ కలిపి వైద్యం చేసుకున్నాం. డాక్టరమ్మ రాసిన మాత్రలు, పూత మందు ఎనిమిది వారాలు, మచ్చలు పోయాక కూడా రెండు వారాలు ఆపకుండా. దుప్పట్లు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎర్రటి ఎండలో ఆరేసి, లోపలి బట్టలు ఇస్త్రీ చేసి, ఎవరి తువ్వాలు వాళ్లకు పెట్టాం. పిల్లిని వరండాలో విడిగా ఉంచి పశువుల డాక్టర్ చెప్పిన మందు నీళ్లతో వారానికి రెండుసార్లు స్నానం చేయించాం, నోటి మందు కూడా పోశాం. దాని చెవి మీద ఇప్పుడు బొచ్చు నిండుగా ఉంది.

మేం అడుగుతున్నవి ఇవి. ఏదీ కోట్లతో అయ్యేది కాదు.

1. మందుల తనిఖీ అధికారులకు: 2018 నాటి ఉత్తర్వును అమలు చేయండి. ఏడాదికోసారి రికార్డులు చూసి సంతకం పెట్టడం తనిఖీ కాదు, మామూలు మనిషిలా పోయి తామర ట్యూబు అడగండి, ఏం ఇస్తారో చూడండి. క్లోబెటాసోల్, బెటామెథాసోన్ లాంటివి కలిపిన ట్యూబుకు చీటీ, బిల్లు తప్పనిసరి అని ప్రతి షాపులో తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించండి. ముఖం తెల్లబడే క్రీములని చెప్పి అమ్మేవాటిలోనూ ఇవే ఉంటున్నాయి, వాటినీ చూడండి.

2. ఆరోగ్య శాఖకు: మలేరియాకు, టీబీకి చూసే మైక్రోస్కోపులు, ల్యాబ్ టెక్నీషియన్లు మన ఆరోగ్య కేంద్రాల్లో ముందునుంచే ఉన్నారు. కేఓహెచ్ పరీక్షకు కావలసింది అదే మైక్రోస్కోపు, ఒక బ్లేడు, ఒక గాజు పలక, ఒక సీసా ద్రావణం, కొద్ది రోజుల శిక్షణ. కనీసం ప్రతి ఏరియా ఆస్పత్రిలో వారానికి రెండు రోజులు ఈ పరీక్ష పెట్టండి. నెలలో ఒకరోజు చర్మవైద్యులను మండలానికి పంపండి.

3. మందు పూర్తిగా ఇవ్వండి. వారానికి సరిపడా ఇచ్చి మళ్లీ రమ్మంటే కూలికి పోయేవాళ్లు రారు, సగంలో ఆగిన వైద్యం వల్ల జబ్బు మొండికేస్తుంది. ఇంట్లో ఎంతమందికి ఉందో అడిగి అందరికీ ఒకేసారి ఇవ్వండి. సుగ్గికి పోయేవాళ్లకు పోకముందే పరీక్ష, మందు, నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపండి. ఆ ఊళ్లేవో, ఏ నెలలో పోతారో మీ సచివాలయాల్లో అందరికీ తెలుసు.

4. హాస్టళ్లు చూసేవారికి: పిల్లాడికి సొంత తువ్వాలు, సొంత సబ్బు, రెండు దుప్పట్లు, బట్టలు ఆరేసుకోవడానికి ఎండ తగిలే తీగ. ఇవి చాలు. నెలకోసారి చర్మం చూడటం, అదీ అందరి ముందు చొక్కా విప్పించి కాదు, తలుపు వేసిన గదిలో. బడి పిల్లలను చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో గజ్జి, ఫంగస్ లాంటి చర్మవ్యాధులు జాబితాలోనే ఉన్నాయి, కాబట్టి ఇది కొత్తగా నెత్తిన పెట్టే పని కాదు. ఇప్పుడు ఏప్రిల్. జూన్‌లో హాస్టళ్లు తెరిచేలోపు చేయగలిగిన పని.

5. పశువైద్య శాఖకు: పిల్లి, కుక్క తెస్తే వెనక్కి పంపకండి. చీకటిగదిలో చూసే ఉడ్స్ ల్యాంపు ఒకటి ప్రతి పెద్ద పశువుల ఆస్పత్రిలో పెట్టండి, మైక్రోస్పోరమ్ కేనిస్ పట్టిన వెంట్రుకలు చాలాసార్లు ఆ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తాయి (మెరవకపోతే లేదని కాదు, అప్పుడు పరీక్ష చేయాలి). జంతువుకు ఫంగస్ ఉందని తేలితే ఆ ఇంటివాళ్లను ఆస్పత్రికి పొమ్మని ఒక చీటీ రాసివ్వండి. మనుషుల డాక్టర్లు కూడా ఇంట్లో జంతువులున్నాయా, దూడలకు మచ్చలున్నాయా అని అడిగి అటువైపు ఒక చీటీ రాయండి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, కర్నూలు, అనంతపురం, కడపల్లో వైద్య కళాశాలలున్నాయి. నాలుగు చోట్లా కలిపి నమూనాలు పంపుకుని కల్చర్ చేసి, ఈ మూడు జిల్లాల్లో ఏ రకం తిరుగుతోందో, ఏ మందుకు లొంగడం లేదో ఏటా ప్రకటించండి. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కూడా చర్మవ్యాధులను ముఖ్యమైన ప్రజారోగ్య సమస్యగా తీసుకోవాలని తీర్మానించింది, అడుగుతున్నది నేనొక్కదాన్నే కాదు.

మెడికల్ షాపు అన్నలకు విడిగా ఒక మాట. మీ మీద నాకు కోపం లేదు. రాత్రి పదకొండుకు తలుపు తడితే జ్వరం మాత్ర ఇచ్చింది మీరే. మూడు రోజుల్లో తగ్గాలి, డాక్టర్ దగ్గరికి పోవడానికి డబ్బుల్లేవు అని మిమ్మల్ని ఒత్తిడి పెట్టేది కూడా మేమే. కానీ ఆ ట్యూబులో ఏముందో మీకు తెలుసు, మాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పాలి. చీటీ లేకుండా వస్తే "స్టెరాయిడ్ లేని పూత మందు ఇస్తాను, రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పోండి" అనండి, చాలు. పిల్లల ముఖానికని అడిగితే అసలు ఇవ్వకండి.

మా వీధివాళ్లకు, ఇది చదివే అమ్మలకు: ట్యూబు కొనేముందు దాని మీద పేర్లు ఎవరి చేతనైనా చదివించుకోండి. చివర్లో "సోన్", "సోల్" అని వచ్చే పేరు ఉంటే అది స్టెరాయిడేమో అడగండి, ఫంగస్ మందుల పేర్లు కూడా "జోల్" అని ముగుస్తాయి కాబట్టి రెండూ కలగాపులగం చేసుకోకుండా తెలిసినవాళ్లను అడగడమే మంచిది. వెల్లుల్లి నూరి కట్టకండి, బొబ్బలెక్కి పుండవుతుంది. కిరోసిన్ అసలే వద్దు. మాత్రలు పక్కింటివాళ్లవి తెచ్చుకుని మింగకండి, లివర్, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఆ మాత్రల్లో కొన్ని ప్రమాదం. ముందే నెలల తరబడి స్టెరాయిడ్ పూసి ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి, ఖాళీ ట్యూబు పట్టుకుపోండి. మగపిల్లలు సిగ్గుపడి దాచుకుంటారు, మీరే అడగండి, కొట్టకుండా అడగండి.

నేను జూన్ మొదటి సోమవారం నాలుగోసారి అర్జీ ఇవ్వడానికి వస్తున్నాను. ఈసారి ఒక్కదాన్నే కాదు, సుగ్గి నుంచి వచ్చిన ఆ అక్క, మా వీధి నుంచి ఇంకో పదకొండు మంది వస్తారు. వాడిన ఖాళీ ట్యూబులన్నీ ఒక సంచిలో వేసి తెస్తాం, ఒక్కదానికీ చీటీ లేదు. ఆ సంచి తీసుకుని, లోపల ఉన్నవి చదివి, ఏ తేదీలోపు ఏం చేస్తారో రసీదు మీద రాసివ్వండి.

ఇట్లు,
ఆదోని నుంచి ఒక టైలర్, ఇద్దరు పిల్లల తల్లి